మెత్తటి ముద్ద

వీధిలో అందరూ అతన్ని పళ్ళ మేస్త్రి అనేవారు. డాక్టరు కాదు, డాక్టర్లకి పళ్ళు చేసిపెట్టేవాడు. ఒక పాత భవనం వెనకవైపు, కింది అంతస్తులో, కిటికీ ఉన్న గది ఒకటి, లేని గది ఒకటి కలిపి అతని ల్యాబ్. ఊళ్ళోని పదకొండు పళ్ళ ఆసుపత్రుల నుంచి నోళ్ళ అచ్చులు రబ్బరు ముద్దల్లో దిగి అక్కడికి వచ్చేవి. వాటిలో పల్చటి ప్లాస్టర్ పోసి, గాలిబుడగలు పోయేలా తట్టి, ఆరాక విడదీసేవాడు. అప్పుడు ఎవరిదో దవడ తెల్లగా అరచేతిలో కూర్చునేది. మనిషి మొహం చూడకుండానే, ఏ వైపు నములుతాడో, నిద్రలో పళ్ళు కొరుకుతాడో లేదో చెప్పేసేవాడు. ఓసారి ఒక అచ్చు చూసి, "ఈయనకి కోపం ఎక్కువ, పైకి మాత్రం చెప్పుకోడు" అంటే, దాన్ని తెచ్చిన డాక్టరమ్మ పకాల్న నవ్వి, "మా మామగారండీ, ఇంకెక్కడా అనకండి" అంది.

ఇంతమంది నోళ్ళ సంగతి చెప్పగలిగినవాడు తన ఇంట్లో మాత్రం ఏళ్ళ తరబడి నోరెత్తలేదు. ఎత్తకపోవడానికి కారణం ఉంది.

కూతురు పిచ్చుక పుట్టకముందు వాళ్ళకి ఒక కొడుకు ఉండేవాడు. రెండేళ్ళు నిండి మూడు నెలలు. ఒక ఆదివారం పొద్దున భార్య పనికి వెళ్ళింది. ఆమె చొక్కాలు కుట్టే కార్ఖానాలో కాజాలు కుట్టేది. ఆ వారం సరుకు తొందరై, సెలవు రోజున కూడా రమ్మన్నారు. తండ్రీ కొడుకూ చాప మీద కూర్చుని ఉన్నారు. తండ్రి వేయించిన వేరుశనగ గింజలు నోట్లో వేసుకుంటూ పేపరు చూస్తున్నాడు. పిల్లాడు చెయ్యి చాపాడు. ఒకటి పెట్టాడు. ఇంకోటి కావాలన్నాడు. పెట్టాడు. మూడోది నోట్లో ఉండగా వాడు దేనికో పకపకా నవ్వాడు. ఆ నవ్వు మధ్యలో ఆగిపోయింది.

మేస్త్రి మొదట అది ఆట అనుకున్నాడు. వాడు అలా మొహం పెట్టి ఆటపట్టించడం మామూలే. పెదాలు నీలంగా మారాక గాని పేపరు కింద పడలేదు. తలకిందులు చేసి వీపు మీద చరిచాడు, నోట్లో వేలు పెట్టాడు. పెట్టిన వేలు గింజని ఇంకా లోపలికి నెట్టిందేమో, అది అతనికి ఈనాటికీ తెలియదు. మెట్లు దిగి, చెప్పులు లేకుండా, వీధి చివర ఆసుపత్రి దాకా పరిగెత్తాడు. పిల్లాణ్ణి బల్ల మీద పడుకోబెట్టేసరికే అంతా అయిపోయింది.

భార్య బట్టల నిండా దారపు పోగులతో వచ్చింది. "ఏం పెట్టారు?" అని అడిగింది. చెప్పాడు. తల ఊపింది. అంతే. ఆ తర్వాత ఎన్నడూ ఆ ఊసెత్తలేదు. తిట్టలేదు, గుండెలు బాదుకుని మీరే చంపారు అనలేదు. పరామర్శకి వచ్చినవాళ్ళతో, "ఆయన మాత్రం ఏం చేస్తారు, గీత అలా ఉంది" అంది. ఆమె తిట్టి ఉంటే అతనికీ బదులు చెప్పే హక్కు మిగిలేదేమో. ఆ ఒక్క మాటతో అతను ఆ ఇంట్లో కుక్కిన పేను అయిపోయాడు.

రెండేళ్ళ తర్వాత కూతురు పుట్టింది. బక్కగా, కళ్ళే ఒళ్ళంతా అన్నట్టు ఉండేది. తండ్రి పిచ్చుక అన్నాడు, ఆ పేరే నిలిచింది. పాలు మానిపించాక పిల్ల నోట్లోకి వెళ్ళే ప్రతిదీ ముందు మిక్సీలోకి వెళ్ళింది. అన్నం, పప్పు, ఉడికిన కూర, మాంసం, చివరికి మిగలపండిన అరటిపండు కూడా. మిక్సీలోంచి జల్లెడలోకి. జల్లెడ మీద చెంచా వెనకవైపుతో ఒత్తితే కిందకి జారినదే పిల్ల భోజనం. తల్లి కూడా అదే తినేది. కొడుకు పోయాక ఆమె పళ్ళ కింద ఏదైనా కరకరమన్న చప్పుడు మేస్త్రి వినలేదు.

ఏడాది పిల్లకి అలా పెడితే ఎవరూ ఏమీ అనరు. మూడేళ్ళ పిల్లకి పెడుతుంటే పక్కింటివాళ్ళు అడిగారు. "దానికి గొంతు సన్నం, డాక్టరు చెప్పాడు" అంది తల్లి. ఏ డాక్టరూ చెప్పలేదు. ఐదేళ్ళు వచ్చేసరికి అడగడం మానేశారు. బడిలో మిగతా పిల్లలు డబ్బాలు విప్పుకుంటే, పిచ్చుక మరమూత సీసా విప్పుకుని, చెంచాతో జారుడు ముద్ద తాగినట్టు తినేది. ఐదు నిమిషాల్లో అయిపోయేది. మిగిలిన అరగంట పక్కవాళ్ళ దవడలు ఆడడం చూస్తూ కూర్చునేది.

ఒకసారి అమ్మమ్మ వచ్చి నెల్లాళ్ళు ఉంది. ఆవిడ నోట్లో ఒక్క సొంత పన్ను లేదు, పైనా కిందా అల్లుడు చేసిపెట్టిన కట్టుడు పళ్ళే. ఆ పళ్ళతో గట్టి రొట్టె అంచుల్ని పటపటా విరుచుకుతింటూ, పక్కన సీసాతో కూర్చున్న మనవరాల్ని చూసి ముక్కున వేలేసుకుంది. "పళ్ళున్న పిల్లకి జావా, పళ్ళు లేని ముసలిదానికి రొట్టే! ఇదెక్కడి న్యాయమే తల్లీ? అల్లుడుగారూ, మీరైనా చెప్పరేం?"

అల్లుడుగారు మంచినీళ్ళ గ్లాసు అందుకున్నారు. పిచ్చుక తల్లి మాత్రం తల తిప్పకుండా అంది: "అమ్మా, నువ్వు దాని నోట్లో ఒక్క పలుకు పెట్టావంటే, ఇవాళే నిన్ను బస్సెక్కిస్తాను." ఆవిడ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. కానీ ఉన్నన్నాళ్ళూ గది మూలకి తిరిగి కూర్చుని తినేది, పిల్లకి కనబడకుండా, దొంగతనం చేస్తున్నట్టు.

పిచ్చుక నాలుగో పుట్టినరోజున మేస్త్రి దాన్ని ల్యాబ్‌కి తీసుకెళ్ళాడు. పిప్పరమెంటు వాసన వేసే గులాబీరంగు ముద్ద కలిపి, "ఆ అనమ్మా" అని అచ్చు తీసి, ప్లాస్టర్ పోసి, "ఇవిగో నీ పళ్ళు" అని చేతిలో పెట్టాడు. పిల్ల మురిసిపోయింది. ఇంటికి తీసుకెళ్తానంది. "అమ్మకి చెప్పకు, ఇక్కడే దాచుకుందాం" అన్నాడు. ఎందుకన్నాడో అప్పటికి అతనికే సరిగ్గా తెలియదు. ఏటేటా పుట్టినరోజుకి అదొక ఆట అయింది.

ఐదో ఏటి అచ్చు చూసినప్పుడు కొంచెం అనుమానం వచ్చింది. ఆరో ఏటిది చూసినప్పుడు అది రూఢి అయింది. ఆ వయసులో పాలపళ్ళ మధ్య సందులు రావాలి. దవడ పెరుగుతోందని, వెనక రాబోయే పెద్దపళ్ళకి చోటు చేస్తోందని అది గుర్తు. పిచ్చుక పళ్ళ మధ్య దారం కూడా దూరేలా లేదు. ఇంకోటి, పాలపళ్ళు నమిలి నమిలి మొనలు అరిగిపోవాలి. ఆ వయసు పిల్లల అచ్చులు అతను వందలు చూశాడు, మొనలన్నీ వాడిన సుద్దముక్కల్లా మొద్దుగా ఉంటాయి. పిచ్చుక కోరపళ్ళు నిన్న చెక్కినట్టు సూదిగా ఉన్నాయి. ఆ పళ్ళకి పనే తగల్లేదు. కొలత పరికరం తీసి, ఈ వైపు దవడపన్ను నుంచి ఆ వైపు దవడపన్ను దాకా కొలిచాడు. నిరుటికీ ఇప్పటికీ వెంట్రుకవాసి తేడా లేదు.

ఆ రోజు ఇంటికి వెళ్తూ దారంతా మాటలు కూర్చుకున్నాడు. తలుపు తీసేసరికి భార్య జల్లెడ మీద చెంచాతో ఒత్తుతోంది. ఒత్తిన ముద్దని వేళ్ళ మధ్య నలిపి, పలుకేమైనా తగులుతుందేమో చూస్తోంది. కళ్ళు మూసుకుని చూస్తోంది, వేళ్ళకే కళ్ళున్నట్టు. నెమ్మదిగా చెబుదాంలే అనుకున్నాడు. నెమ్మదిగా అంటే మూడేళ్ళయింది.

పెద్దపళ్ళు వచ్చాయి. చోటు లేక ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కాయి. మొదట కింద ముందుపళ్ళు రెండు వరసల్లో నిలబడ్డాయి. పై అంగిలి ఇరుకై, గుడిసె కప్పులా పైకి లేచింది. పిల్ల నోరు మూసుకోవడం మానేసింది. పెదాలు ఎప్పుడూ ఎండి పగిలి ఉండేవి, దిండు మీద ఎప్పుడూ తడి మరక. ఎనిమిది గంటలు పడుకున్నా కళ్ళ కింద నల్లటి చారలతో లేచేది. తరగతిలో నిద్రపోతోందని టీచరు రెండుసార్లు పిలిపించింది. "ఇంట్లో టీవీ ఎక్కువ చూపిస్తున్నారా?" అని అడిగింది. వాళ్ళింట్లో టీవీ లేదు.

పిచ్చుకకి తొమ్మిదిన్నరేళ్ళప్పుడు, ఒక మధ్యాహ్నం ల్యాబ్ ఫోను మోగింది. బడి నుంచి. పక్క పిల్ల తన యాపిల్ ముక్క ఒకటి పెట్టిందట. పిచ్చుక దాన్ని నోట్లో వేసుకుని, ముద్ద మింగినట్టే మింగిందట.

మేస్త్రి చేతులకి ప్లాస్టర్ తడి ఆరకుండానే పరిగెత్తాడు. దారిలో అతని కాళ్ళకి మళ్ళీ పదకొండేళ్ళ కిందటి వీధి తగిలింది. బడి చేరేసరికి పిచ్చుక ఆఫీసు గదిలో బెంచీ మీద కూర్చుని ఉంది. బతికే ఉంది. బడి ఆయా దాన్ని ముందుకి వంచి, వీపు మీద అయిదారుసార్లు గట్టిగా చరిస్తే ముక్క బయటపడిందట. ఆ ముక్క కాగితం మీద పెట్టి ఉంది. దాని మీద ఒక్క పంటి గాటు లేదు.

భార్య అప్పటికే వచ్చింది. పిల్లని ఒళ్ళో కుక్కుకుని, పక్క పిల్ల తల్లిని, టీచరుని, ఆయాని, అందర్నీ కలిపి తిడుతోంది. ఆయా పాపం కొంగుతో కళ్ళొత్తుకుంటూ, "బతికించినదాన్ని కదమ్మా" అంటోంది. మేస్త్రి ఆ యాపిల్ ముక్కని కాగితంతో సహా జేబులో పెట్టుకున్నాడు.

ఇంటికొచ్చి పిల్లని పడుకోబెట్టాక భార్య అంది: "చూశారా? నేను చెబుతూనే ఉన్నాను. దాని గొంతుకి పడదు. రేపట్నుంచి బడి మాన్పించేస్తా."

మేస్త్రి జేబులోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "గొంతుకేం కాలేదు. దానికి నమలడం రాదు. తొమ్మిదేళ్ళ పిల్లకి నమలడం రాదు. అందుకే అడ్డం పడింది."

ఆమె అతని వైపు తిరిగింది. "మీరా చెప్పేది?"

"నేనే. చెప్పాల్సింది ఎప్పుడో."

మాటలతో నమ్మదని అతనికి తెలుసు. మర్నాడు సాయంత్రం ల్యాబ్ నుంచి ఒక అట్టపెట్టె తెచ్చాడు. పిల్ల పక్కింట్లో ఉంది. బల్ల మీద పాత పేపరు పరిచి, అచ్చులు ఒక్కొక్కటీ తీసి వరసగా పెట్టాడు. మేస్త్రిలాగే మాట్లాడాడు, డాక్టరు ముందు మాట్లాడినట్టు. "ఇది నాలుగో ఏడు. ఇది ఐదు. చూడు, ఇక్కడ సందులు రావాలి, రాలేదు. ఎముక కూడా కండలాంటిదే, పని చెబితేనే పెరుగుతుంది. నమిలే పని లేకపోతే దవడ వెడల్పవదు. ఇది ఆరు. ఈ మొనలు చూడు, అరగలేదు. ఇది ఏడు. పెద్దపన్నుకి చోటు లేక..."

ఆమె వినడం లేదు. వేలితో లెక్కపెడుతోంది.

"ఆరు" అంది.

"ఆ?"

"ఆరున్నాయి. ఆరేళ్ళ నుంచి చూస్తున్నావన్నమాట."

పెళ్ళయిన పదిహేనేళ్ళలో ఆమె అతన్ని నువ్వు అనడం అదే మొదలు.

"నాకు తెలీదు" అంది ఆమె. గొంతు పెంచలేదు. "నేను కాజాలు కుట్టుకునేదాన్ని. పలుకు తగిలితే పిల్ల చస్తుందని మాత్రమే తెలుసు. నీకు తెలుసు. ఏటేటా కొలిచి, ఆరబెట్టి, దాచుకున్నావు. ఒక్కసారి, ఒక్కసారి ఆ మిక్సీ తీసి బయట పారెయ్యలేకపోయావా? నేను ఏడ్చేదాన్ని. తిట్టేదాన్ని. అంతే కదా!"

"నేను ఎలా చెప్పను?" అన్నాడు. "వాడి విషయంలో నేను..."

"వాడి విషయం నేనెత్తానా ఎప్పుడైనా?"

"ఎత్తలేదు. అందుకే..."

"అయితే ఇప్పుడెత్తుతా, విను." ఆమె లేచి నిలబడింది. "ఊరందరి పళ్ళూ లెక్కపెడతావు నువ్వు. నీ కొడుక్కి చివరి దవడపళ్ళు ఇంకా రాలేదు. గింజ నూరాల్సిన చోట ఉత్త చిగుళ్ళే ఉన్నాయి వాడికి. నేను రోజూ వేలితో రుద్ది చూసేదాన్ని, వస్తున్నాయా అని. నువ్వు చూసుకోలేదు. చేతిలో పేపరుంది."

పదకొండేళ్ళుగా అతను ఎదురుచూసిన మాట అది. వచ్చాక తేలికపడతాననుకునేవాడు. తేలికేమీ కాలేదు. బల్ల మీది అచ్చులు ఒక్కొక్కటీ తిరిగి పెట్టెలో పెట్టాడు. ఆమె వంటింట్లోకి వెళ్ళింది. కాసేపటికి మిక్సీ మోత వినిపించింది. ఆ పూటకీ పిల్లకి ఏదో ఒకటి పెట్టాలి కదా.

వారం తిరక్కుండా ఆమే అంది, "ల్యాబ్‌కి అచ్చులు పంపే ఆ డాక్టరమ్మ దగ్గరికి పోదాం" అని. అతన్ని చూడకుండా, గోడకి చెప్పినట్టు చెప్పింది.

డాక్టరమ్మ పిచ్చుక నోరు చూసి, ఫోటోలు తీసి, ముక్కు డాక్టరు దగ్గరికి పంపి, పదిరోజులకి మళ్ళీ పిలిచింది. పిల్లని బయట కూర్చోబెట్టి చెప్పింది. పై దవడ బాగా ఇరుకు. నాలిక ఆనుకునే చోటు లేదు, ముక్కు దారి కూడా చిన్నది. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తోంది, అందుకే పగలు మగత. కింది దవడ వెనక్కి ఉండిపోయింది. "పై దవడని ఈ వయసులో ఇంకా వెడల్పు చెయ్యొచ్చు. కింది దాని సంగతి పెరుగుదల చూసి చెప్పాలి."

తల్లి అడిగింది: "ఇదంతా నేను పెట్టిన తిండి వల్లేనా?"

డాక్టరమ్మ ఫోటోలు పక్కన పెట్టింది. "అంతా అని చెప్పలేనమ్మా. కొంత పుట్టుకతో వస్తుంది. కొంత ముక్కు మూసుకుపోయి నోటితో ఊపిరి తీసుకోవడం వల్ల. కొంత నమలకపోవడం వల్ల. దేని వాటా ఎంతో విడదీసి చెప్పే తక్కెడ నా దగ్గర లేదు, ఎవరి దగ్గరా లేదు."

"సగమా? పావా? ఉజ్జాయింపుగా చెప్పండి."

"చెప్పలేను."

అవునని ఉంటే ఆమె నెత్తీ నోరూ కొట్టుకుని ఏడ్చేది. కాదని ఉంటే ఊపిరి పీల్చుకునేది. రెంటికీ చెడి, కొంగు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ బస్సు దిగేదాకా కూర్చుంది.

అంగిలిని వెడల్పు చేసే ప్లేటు మేస్త్రే చేశాడు. మధ్యలో చిన్న మర, అటూ ఇటూ దవడపళ్ళకి పట్టేసే తీగలు. ఇలాంటివి కళ్ళు మూసుకుని చేసేవాడు, ఈ ఒక్కటి నాలుగుసార్లు చేసి మూడుసార్లు పారేశాడు. డాక్టరమ్మ దాన్ని పిచ్చుక నోట్లో బిగించి, సూదంత తాళంచెవి ఒకటి చేతికిచ్చింది. రోజుకొక్కసారి మరని పావు చుట్టు తిప్పాలి. తిప్పినప్పుడల్లా దవడ ఎముక మధ్య అతుకు కాస్త కాస్త విడుతుంది, ఆ సందులో కొత్త ఎముక పడుతుంది.

"నేను తిప్పుతాను" అన్నాడు మేస్త్రి.

"వద్దు" అంది తల్లి. "నా చెయ్యి వణకదు."

నిజమే, వణకలేదు. కాజాలు కుట్టే చెయ్యి. రోజూ సాయంత్రం ఆరింటికి పిచ్చుక తల్లి ఒళ్ళో తల పెట్టుకుని నోరు తెరిచేది. ఆమె తాళంచెవి దూర్చి, పావు చుట్టు తిప్పి, తీసేది. పిల్ల ముక్కుదూలం దగ్గర నొప్పి, కళ్ళ వెనక బరువు. "అమ్మా, మొహం చీలిపోతోందే" అని ఏడ్చేది. ఆమె కన్నీళ్ళు తుడిచి, "అయిపోయింది, అయిపోయింది" అనేది. తర్వాత స్నానాల గదిలోకి వెళ్ళి కుళాయి విప్పుకునేది, చాలాసేపు. రెండు వారాలకి పిచ్చుక ముందుపళ్ళ మధ్య సందు వచ్చింది. నాలిక కొస అందులో దూర్చి, "నాన్నా, ఇక్కడ నేను ఈల వెయ్యగలను" అంది. ఆ ఇంట్లో చాలా రోజులకి వినిపించిన నవ్వు అదే.

నమలడం నేర్పే పని మేస్త్రి మీద పడింది. డాక్టరమ్మ చెప్పినట్టే మొదట రొట్టె అంచులు, తర్వాత ఉడికించిన క్యారెట్, తర్వాత సగం ఉడికినది. ఆ సమయానికి తల్లి ఇంట్లో ఉండేది కాదు. పళ్ళెం బల్ల మీద పెట్టి, చెప్పులేసుకుని, మెట్ల మీద కింద కూర్చునేది. అయిపోయిందని కేకేశాకే పైకొచ్చేది. కొన్ని రోజులు ఆలస్యమైతే, కింద నుంచి, "బతికుందా?" అని అరిచేది. మెట్ల మీద వెళ్ళేవాళ్ళు ఉలిక్కిపడేవాళ్ళు.

పిల్లకి మూడు నిమిషాలకే దవడలు పీకేవి. చెంపలు పట్టుకుని, "చాలు నాన్నా" అనేది. ముక్కని ఏం చెయ్యాలో నాలికకి తెలియదు. ఎడమకి తొయ్యాలా, కుడికి తొయ్యాలా, ఎప్పుడు మింగాలి? ఏడాది పిల్ల ఎవరూ చెప్పకుండా నేర్చుకునేదాన్ని పదేళ్ళ పిల్ల లెక్కపెట్టి నేర్చుకుంది. ఇరవై అయిదు. ముప్పై. మింగే ముందు తండ్రికి నోరు తెరిచి చూపించేది. సగం ముక్కలు ఉమ్మేసేది. ఒకసారి పొలమారి దగ్గింది. దగ్గు వినగానే తల్లి రెండేసి మెట్లు ఎక్కుతూ వచ్చి, పిల్లని లాక్కుని, మేస్త్రి చెంప మీద ఒకటి కొట్టింది. పిల్ల దగ్గు ఆపుకుని, "ఏం కాలేదమ్మా, నీళ్ళే" అంది. మర్నాడు తల్లి మళ్ళీ పళ్ళెం పెట్టి, చెప్పులేసుకుని కిందకి దిగింది.

పై దవడ కొంత దారికొచ్చింది. పగటి మగత తగ్గింది. కింది దవడ మాత్రం మొండికేసింది. పదమూడో ఏట, పళ్ళకి చోటు చెయ్యడానికి నాలుగు మంచి పళ్ళు, పుచ్చు లేనివి, పైన రెండూ కింద రెండూ, తీయించాల్సి వచ్చింది. తర్వాత రెండేళ్ళు తీగలు కట్టించుకుంది. వరస కుదిరింది. గడ్డం మాత్రం పక్కనించి చూస్తే మెడలోకి జారిపోయినట్టే ఉండిపోయింది. వెల్లకిలా పడుకుంటే ఊపిరి మళ్ళీ అడ్డం పడడం మొదలైంది. బడిలో దానికి ముసలమ్మ అని పేరు పెట్టారు. ఇంట్లో చెప్పలేదు, మేస్త్రికి వేరే పిల్ల తండ్రి ద్వారా తెలిసింది.

పదిహేడు నిండాక డాక్టరమ్మ ముగ్గుర్నీ కూర్చోబెట్టింది. పెరుగుదల దాదాపు ఆగింది. ఇక మిగిలింది ఆపరేషనే. కింది దవడ ఎముకని రెండు వైపులా కోసి, ముందుకి జరిపి, పలకలు వేసి బిగిస్తారు. ఊపిరి దారి తెరుచుకుంటుంది. నెలన్నర పైన అన్నీ జావలే తాగాలి. కింది పెదవికి కొన్నాళ్ళు తిమ్మిరి ఉంటుంది, అరుదుగా కొందరికి అది పోదు. వచ్చే ఏడు చేయించుకోవచ్చు, ఆలోచించుకోండి అంది.

పిచ్చుక అంతా విని, "చేయించుకోను" అంది. అంత నెమ్మదిగా అంది కాబట్టి డాక్టరమ్మ కూడా ఎందుకని అడగలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో తల్లి కిటికీ దగ్గర, పిల్ల మధ్యలో, మేస్త్రి చివర కూర్చున్నారు. రెండు స్టాపులు దాటాక తల్లి ముందుకి వంగి, పిల్ల మీదుగా అతన్ని చూసింది. "మీరైనా చెప్పండి దానికి."

మేస్త్రి చెప్పాడు. ఈసారి ఏదీ దాచలేదు, ఏదీ రేపటికి అట్టేపెట్టలేదు. ఊపిరి ఆగి ఆగి వస్తే ఏళ్ళు గడిచేకొద్దీ గుండెకి ఏమవుతుందో చెప్పాడు. దవడ వెనక్కి ఉన్నవాళ్ళ కీళ్ళు నలభై ఏళ్ళకి ఎలా అరుగుతాయో, తన చేతుల మీదుగా వెళ్ళిన అచ్చుల్లో చూసింది చూసినట్టు చెప్పాడు. ఆపరేషన్‌లో ఏది ప్రమాదమో, ఏది కాదో చెప్పాడు. తనే ఆ స్థానంలో ఉంటే చేయించుకుంటానని చెప్పాడు. మూడు స్టాపులు పట్టింది. ముందు సీటు ఆయన తల తిప్పకుండా చెవులు రిక్కించి విన్నాడు.

పిచ్చుక చివరిదాకా వింది. "అవన్నీ నాకు తెలుసు నాన్నా. డాక్టరమ్మ ఇచ్చిన కాగితాలు చదివాను. వద్దు."

"ఎందుకమ్మా? భయమా?"

"భయం కాదు." చేతి రుమాలుతో పెదాలు ఒత్తుకుంది. "మళ్ళీ నెలన్నర జావ తాగలేను. నా నోట్లో ఇంక ఎవరూ చెయ్యి పెట్టొద్దు. నువ్వూ, అమ్మా, డాక్టరమ్మా, ఎవరూ."

తల్లి కిటికీలోంచి బయటికి చూసింది. మేస్త్రి తన అరచేతుల్లోకి చూసుకున్నాడు, గోళ్ళ కింద ఎప్పటిలాగే తెల్లగా ప్లాస్టర్. "సరేనమ్మా" అన్నాడు. వాళ్ళ స్టాపు వచ్చింది, దిగారు.

ఆ ఏడాదీ చేయించుకోలేదు, ఆ పై ఏడాదీ చేయించుకోలేదు. డాక్టరమ్మ వేరే దారి చెప్పింది, నిద్రపోయేటప్పుడు ముక్కుకి గొట్టం పెట్టుకుని గాలి పంపే మిషను. అది వాడుతోంది. పిచ్చుక ఇప్పుడు ఒక లైబ్రరీలో పనిచేస్తోంది. నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. మాట్లాడేటప్పుడు ముందుకి గడ్డం చాచే అలవాటైంది, అలా అయితే ఊపిరి సులువు.

తల్లి మిక్సీ వాడడం ఎప్పుడో మానేసింది. ముగ్గురూ ఒకే బల్ల దగ్గర, ఒకే తిండి తింటారు. పిచ్చుకకి ఒక పళ్ళెం తినడానికి ముప్పావుగంట పడుతుంది. మిగతా ఇద్దరిదీ పావుగంటలో అయిపోతుంది. అయినా ఆమె పళ్ళెం ఖాళీ అయ్యేదాకా ఎవరూ చెయ్యి కడుక్కోరు. ఎండిన చేతులతో కూర్చుని, ఏవో పనికిమాలిన మాటలు చెప్పుకుంటూ, ఆమె నమలడం వింటూ ఉంటారు.